ఊరగాయబంతి పుట్టినింట

ఊరగాయను గూర్చి మన తెలుగు స్త్రీలకు వేఱుగ చెప్పవలసిన పని లేదు. వేసవి వచ్చినదా, కాయలు తుడుచుటయు, ముక్కలు కొట్టించుటయు, ఆవపిండి కొట్టుటయు, జాడీలకు వాసెన గట్టుటయు, వీనితోనే దినములు గడచిపోవును. అట్టి నేను 58 ఏండ్ల ప్రాయమున అమెరికాకు బోయి, ఊరగాయ పేరుగల యొక బంతియాటను నేర్చుకొని, దాని మూలమున కాలి పిక్క చెడగొట్టుకొని, తుదకు ఆ యాట పుట్టిన దీవిని గూడ చూచి వచ్చితినని చెప్పగా రాజమహేంద్రవరమున మా యిరుగుపొరుగువారు నవ్విరి. నవ్వినవారిలో ఇద్దఱు ఇప్పుడు నాతో ఆడుచున్నారు గాని, ఆ సంగతి తరువాత.

ఆ యాట పేరు పికిల్‌బాలు. పికిలనగా ఊరగాయయే. మా అమ్మాయి కాపురము వాషింగ్టను రాష్ట్రమునందలి రెడ్మండు పట్టణమున. సియాటిలు నగరమునకు తూర్పుగా, వాషింగ్టను సరస్సున కావలి వైపున నీ పట్టణము కలదు. కంప్యూటరు కొలువుల నిమిత్తము వచ్చి స్థిరపడిన తెలుగువారు ఆ ప్రాంతమున పెక్కుమంది. వసంతకాలమున నేను వెళ్లిన మూడవనాడే అమ్మాయి, "ఇంట్లో కూర్చుంటే నీకు తోచదమ్మా, నాతో రా" యని దగ్గఱి పార్కునకు తీసికొనిపోయెను.

అక్కడ కనిపించినది చిన్న కోర్టు. టెన్నిసు కోర్టు పొడవు 78 అడుగులు. దీని పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు మాత్రమే. మధ్యనున్న వల ప్రక్కల 36 అంగుళముల యెత్తు, నడుమ 34 అంగుళములు. తీగలు లేని నున్నని బ్యాటు, ఒంటినిండ రంధ్రములుగల ప్లాస్టికు బంతి. కొట్టినప్పుడు టొక్కు టొక్కుమని, పొరుగింటి పెరటిలో నెవరో కొబ్బరిచిప్పలు తట్టుచున్నట్లు ధ్వని. బంతికి రంధ్రము లుండుటచే గాలిలో వేగము తగ్గిపోవును గనుక నావంటిదానికి గూడ దానిని చేరుకొనుటకు వ్యవధి చిక్కును. సర్వీసు నడుము క్రిందినుండియే చేయవలెను గనుక భుజము విఱుచుకొన నక్కఱలేదు. 11 అంకెలు, ఎదుటివారికంటె రెండు ఎక్కువగా, ముందు సంపాదించినవారిది గెలుపు. ఒక యాట పావుగంటలో ముగియును.

ఆడ వచ్చినవారు తమ బ్యాట్లను గోడ ప్రక్కన వరుసగా నిలిపి తమ వంతుకై వేచియుందురు. కొళాయి యొద్ద మన బిందెల వరుస వంటిదే యిది. తగవులు మాత్రము లేవు. వంతు వచ్చినప్పుడు ఎవరితో కలిసిన వారితో ఆడవలెను. పదునాఱేండ్ల కుఱ్ఱవాడు, డెబ్బదియేండ్ల ముసలివారు, చీనాదేశపు పడుచు, మన గుంటూరి పిన్నిగారు, అందఱును ఒకే వరుస. "కాదండీ పిన్నిగారూ, బంతి గీత మీదనే పడింది" అను మాట ఆ పరదేశమున చెవిని బడినప్పుడు నాకు గలిగిన సంతోష మింతంతయని చెప్పజాలను. ఆడుట వచ్చిన వెనుక నాకు భాష రాదను బెఱుకు గూడ పోయెను. అంకెలు చెప్పుటకు ఎంత యింగ్లీషు కావలెను?

ఇక నా బుద్ధితక్కువ వినుడు. మొదట వారమునకు రెండు నాళ్లు పోయితిని. నెల తిరుగకమున్నే అయిదు నాళ్లయినది. వేసవి వచ్చి ప్రొద్దు తొమ్మిది గంటలవఱకు గ్రుంకకుండుటచే, ఉదయము ఒకమాఱు, సాయంకాలము ఒకమాఱు పోవ మొదలిడితిని. మోకాళ్లు నొచ్చినచో నూనె రాచుకొంటిని. మోచేయి నొచ్చినచో గుడ్డ చుట్టుకొంటిని. బ్యాటు పిడిని జాడీ మూత తిప్పునంత బిగువుగా పట్టుకొనుటయే ఆ మోచేతి నొప్పికి కారణమని అప్పుడు తెలియదు. కాళ్లకు తొడిగినవి ఉదయపు నడకకు కొన్న జోళ్లు. అవి ముందుకు సాగు నడకకు నేర్పడినవి. ఈ యాటలో అడుగు లెక్కువగా ప్రక్కలకు పడును. అట్టి మెత్తని మందపు అట్టల జోళ్లతో ప్రక్కకు మొగ్గినచో చీలమండ మెలిక పడుట యెంతసేపు?

ఒకనాటి ఉదయము చల్లగా నుండెను. కారు దిగి తిన్నగా కోర్టులోనికి నడచితిని. రెండవ బంతికే ముందునకు దూకితిని. ఎవరో వెనుకనుండి కఱ్ఱతో పిక్క మీద కొట్టినట్లయినది. ఎవరాయని వెనుదిరిగి చూచితిని. ఎవరును లేరు. అడుగు వేయబోగా కాలు నాది కాదు.

వైద్యురాలు చూచి, పిక్క కండరము కొంత చినిగినదనియు, ఇంకను క్రిందనుండి మడమకు పోవు పెద్ద నరము తెగకుండుట అదృష్టమనియు చెప్పెను. (నరమని మనమనుట, అది కండరమును ఎముకకు గట్టు త్రాడు.) ఈ యాటలో పెద్దవారికి తఱచుగా తగులు దెబ్బ లివియేనట: పిక్క, చీలమండ, మోకాలు, మోచేయి, వెల్లకిల పడినప్పుడు మణికట్టు. "ఎన్ని దినములు విశ్రాంతి తీసికొందువు?" అని ఆమె యడిగినప్పుడు నేను, "దెబ్బ ఇప్పుడే కదా తగిలినది" అంటిని. ఆమె నవ్వి, "దెబ్బ తగులుటకు ముందు సంగతి నే నడుగుచున్నాను" అనెను. నాకు సమాధానము తోచలేదు.

ఆఱు వారములు ఇంటిపట్టున నుంటిని. ఆ దినములలో నాకంటె అమ్మాయిని గూర్చి యెక్కువ బెంగ గలిగెను. నేనింట లేని సమయము లేనందున, అంతవఱకు చూడనిది చూచితిని. దాని బ్యాటు ముసుగుతో గూడ బట్టల బీరువా యడుగున పడియున్నది. ఒకప్పుడు నన్ను వెంటబెట్టుకొని పోయినది తానే గదా! అడుగగా, "విసుగెత్తిందమ్మా" అని ఊరకుండెను. అల్లుడు మెల్లగా చెప్పెను: ప్రతి శనివారము పోటీలకు బోవుటయు, ఆటగాండ్ర నేర్పును అంకెలతో నిర్ణయించు పద్ధతి యొకటి ఫోనులో నుండగా ఆ అంకెను దినమున కెన్నిమార్లో చూచుకొనుటయు, అది పెరిగిన నాడు అన్నము తినుటయు, తగ్గిన నాడు మానుటయు జరిగినదట. పదవ తరగతి మార్కులకు కూడ ఆ పిల్ల అంత తపించి యెఱుగదు. కొలువులో నొక పోటీ, ఆటలో నొక పోటీ. తుదకొకనాడు గెలిచి వచ్చి, బ్యాటు బీరువాలో పెట్టినదట. ఓడి మానినచో నాకంత దిగులు లేకపోవును. గెలిచి వచ్చిన నాడే మానినదనగా, దానికి ఆ యాటలో మిగిలినదేమియు లేదన్నమాట.

నాకు దెబ్బ తగిలినది పిక్కలో. దానికి తగిలినది మఱియొక చోట. నాది ఆఱు వారములకు మానినది.

అక్టోబరులో నా తిరుగు ప్రయాణము. సెప్టెంబరున నొక ఆదివారము, "బెయిన్‌బ్రిడ్జి దీవి చూపించవూ? ఆ యాట అక్కడే పుట్టినదట" యని నేనే యడిగితిని. "చూడటానికేముందమ్మా, ఒక దీవి" అనుచునే అమ్మాయి బయలుదేరెను. నేను సంచిలో రెండు బ్యాట్లును పెట్టితిని. అది చూచియు చూడనట్లూరకుండెను.

సియాటిలు రేవునుండి ఆ దీవికి పెద్ద ఓడ పోవును. కార్లు క్రింది యంతస్తున, మనుష్యులు పైన. ప్రయాణము 35 నిమిషములు. నడచి యెక్కువారికి పోవునప్పుడు మాత్రమే రుసుము. తిరిగి వచ్చునప్పుడు లేదు. పుట్టినింటికి బోవుటకు ఛార్జి పెట్టుకొని, తిరుగునప్పుడు వారిచేత పెట్టించుకొనునట్లున్నదని నే ననగా అమ్మాయి చాల దినములకు నవ్వెను. ఓడ కదలిన పిమ్మట నగరపు ఎత్తైన భవనములు బొమ్మలకొలువులోని మెట్లవలె వెనుకకు జరిగిపోయెను. దక్షిణమున మేఘములపైన రెయినియరు పర్వతము తెల్లగా, దేనిని ఆనుకొనక తేలుచున్నట్లుండెను. పడమట ఒలింపికు కొండలు నీలముగా వరుస దీరియుండెను. మేము డెక్కు మీద చలిగాలిలో నిలిచితిమి. కాఫీ కొని తెచ్చి నా చేతికిచ్చి, శాలువ సరిచేసి, "కాలు నొప్పిగా ఉందా?" యని యడిగెను. లేదంటిని.

ఓడ ఈగిలు హార్బరను చిన్న రేవులో ఆగును. అక్కడనుండి నడచిపోదగినంత దూరముననే విన్‌స్లో అను అంగళ్ల వీథి. దీవి చరిత్రను దెలుపు చిన్న ప్రదర్శనశాల యొకటి 1908 నాటి యేకగది పాఠశాల భవనమున నున్నది. ఆటను గూర్చిన వస్తువులును కథయు నందు గలవు. ఆ కథ మన స్త్రీలకు వినదగినది.

1965వ సంవత్సరపు వేసవిలో నొక శనివారము, ఆ రాష్ట్ర శాసనసభ్యుడైన జోయెలు ప్రిచర్డును, ఆయన మిత్రుడు బిల్ బెల్లును గోల్ఫు ఆడి దీవిలోని ప్రిచర్డుగారి యింటికి రాగా, ఇంటిల్లిపాదియు తోచక విసిగి కూర్చుండియుండిరట. పెరటిలో పాత బ్యాడ్మింటను కోర్టు కలదు; ఆడుదమన్న బ్యాట్లన్నియు దొరకలేదు. అంతట టేబులు టెన్నిసు బ్యాట్లును, రంధ్రముల ప్లాస్టికు బంతియు తీసికొని యేదో ఆడ మొదలిడిరి. వల మొదట 60 అంగుళముల యెత్తుననే యుండెను. బంతి నేలమీద చక్కగ ఎగురుచుండుట చూచి దానిని 36 అంగుళములకు దించిరి. మఱుసటి వారము బార్నీ మెకల్లమను మిత్రుడు వచ్చి చేరెను. పలుచని బ్యాట్లు తాళలేవని ఆయన చెక్కతో క్రొత్తవి కోసి తయారుచేసెను. ముగ్గురును గూర్చుండి నియమములు వ్రాసికొనిరి. ఇంటిలో అందఱును కలిసి ఆడుకొనవలెననుటయే వారి యుద్దేశము. కోర్టు కొలత లీనాటికిని బ్యాడ్మింటను జోడీయాటవే యగుటకు కారణ మిదియే.

1967లో ప్రిచర్డుగారి పొరుగింటి పెరట ఈ యాటకే యని మొదటి కోర్టు వేసిరి. 1972లో కంపెనీ పెట్టిరి. 2022లో వాషింగ్టను రాష్ట్రము దీనిని తన అధికార క్రీడగా ప్రకటించినది. పేరు పెట్టినది ప్రిచర్డుగారి భార్య జోను. పడవ పందెములలో, మిగిలిపోయిన వారినందఱిని చేర్చి నడుపు పడవను పికిలు బోటందురట. అక్కడొకటి యిక్కడొకటి తెచ్చి కూర్చిన యాట గనుక ఆమె కాపేరు తోచెను. వారింటి కుక్క పేరు పికిల్సు గనుక ఆటకాపేరు వచ్చినదనియు నొక కథ కలదు గాని, ఆ కుక్క పుట్టినది ఆట పుట్టిన తరువాతనట. కాబట్టి ఊరగాయతో దీనికి సంబంధము లేదు. నాకు కొంచెము చిన్నతనమైనదని యొప్పుకొందును.

అమ్మాయి అంతయు చదివి, "తోచక పుట్టిన ఆటా ఇది!" యని మెల్లగా అనెను.

తరువాత మేము బ్యాటిలు పాయింటు పార్కునకు బోయితిమి. పూర్వము నౌకాదళమువారి రేడియో కేంద్రముండిన విశాలమైన స్థలమది. చుట్టును దేవదారు జాతి వృక్షములు. ఆట స్థాపకుల పేర నేర్పడిన కోర్టు లక్కడ కలవు. ఇక్కడను గోడ ప్రక్క బ్యాట్ల వరుసయే, ఇక్కడను టొక్కు టొక్కు ధ్వనియే. ఒక బల్లమీద నెనుబదియేండ్ల వృద్ధురాలు ఊలు అల్లుచు కూర్చుండియుండెను. కండ్లకు గట్టి అద్దములు. కాలికి ప్రక్కలు బిగువుగానున్న జోళ్లు. వంతు రాగా అల్లిక ప్రక్కన బెట్టి, బల్ల చుట్టును రెండు సారులు వేగముగా నడచి, మడమ లెత్తి దింపి, చేతులు త్రిప్పి, అప్పుడు కోర్టులోనికి బోయెను.

ఆమె యాటను మేము కన్నార్పక చూచితిమి. ఆమె పరుగెత్తలేదు. వలకు రెండు వైపుల ఏడేసి యడుగుల మేర గీత గీయబడియుండును, దానిని వంటిల్లందురు. అందు నిలిచి, నేలను తాకని బంతిని కొట్టరాదు. వలకు మీదబడి యెత్తరి బలముగా కొట్టకుండుటకు ఈ కట్టుబాటు. మా నాయనమ్మ మడిగట్టుకొని వంటచేయునప్పుడు గడప యీవలనే నిలుచువారము; పిలిచినగాని లోనికి పోరాదు. ఇదియు కొంత యట్లే, లోనికి పోవచ్చును గాని, బంతి నేలను తాకి పిలిచినగాని లోపల నిలిచి కొట్టరాదు. ఆ ముసలమ్మ గీత యీవల నిలిచి బంతిని వల మీదుగా ఎదుటి వంటింటిలో, పాలలో పంచదార వేసినంత మెల్లగా వేయుచుండెను. ఎదుట నిరువురు యువకులు. వారు గట్టిగా కొట్టవలెనని తొందరపడి బంతిని వలకు కొట్టుచుండిరి. ఒకమాఱు బంతి ఆమె తలమీదుగా వెనుకకు లేచెను. నేనైనచో వెనుకకు పరుగెత్తి వెల్లకిల పడియుందును. ఆమె, "చక్కని దెబ్బ!" యని మెచ్చుకొని నిలుచుండెను. ఆ బంతి పోయినది. ఆమె మణికట్టు మిగిలినది.

రెండాటలు కాగానే ఆమె వచ్చి మరల ఊలు చేతబట్టెను. వరుసలో నామె బ్యాటు లేదు. నేను వచ్చిన యింగ్లీషుతో, "అలసితిరా?" యని యడిగితిని.

"లేదు. ఇంకొకటి ఆడగలను. అందుకే వచ్చివేసితిని" అనెను.

మఱియు నామె చెప్పిన సంగతులు: నలుబదియేండ్లకు పైగా ఆడుచున్నదట. వారమునకు మూడు నాళ్లే. నడుమ నొకదినము తోటపని, ఒకదినము కాళ్లకును తుంటికిని బలము వచ్చు వ్యాయామము. వాన వెలిసిన వెంటనే తడినేల మీద ఆడదు. ప్రక్క కోర్టునుండి బంతి దొర్లివచ్చినచో కేకవేసి ఆట ఆపును. పాదము క్రింద బంతి పడి జారినవారిని చాలమందిని చూచినదట. ప్రతి యేడు చలికాలమున నొక నెల బ్యాటును ముట్టనే ముట్టదు. "ఆ నెల చివర దానిమీద మనసు పోవును. పోకున్నచో ఇంకొక వారము ఆగుదును" అని నవ్వెను. మా అమ్మాయి, "మీ స్థాయి అంకె యెంత?" అని యడిగెను. ఆమెకు ఆ ప్రశ్న అర్థము కాలేదు. అమ్మాయి మరల విప్పి చెప్పగా, "ఓ, అదియా? నా మనుమడు చూచి చెప్పెను. మఱచితిని" అనెను.

అమ్మాయి కొంచెముసేపు నేలచూపు చూచి, నా సంచిలో చేయి పెట్టి బ్యాట్లు రెండును తీసి వరుసలో నిలిపెను.

వంతు వచ్చువఱకు నన్ను నడిపించెను, మడమ లెత్తించెను. ఇరువురము ఒకే జట్టు. ఎదుట దీవి దంపతు లొకరు, మా వయసువారే. పిక్కకు తొలిసారి పని చెప్పుచున్నాను గనుక భయపడుచునే యాడితిని. దూరపు బంతులను విడిచితిని. అమ్మాయి మొదట గట్టిగా కొట్టి, రెండుమూడు వలకు తగిలి, తరువాత ఆ ముసలమ్మ వైపు చూచి మెత్తగా వేయసాగెను. ఒక బంతి వలమీద కూర్చుండి, ఎటు పడవలెనోయని ఆలోచించి మావైపే పడినప్పుడు, అది చిన్నప్పటివలె పొట్టపట్టుకొని నవ్వెను. 11కు 9గా ఓడితిమి. "ఇంకొకటి ఆడుదమా?" యని వారడిగిరి. అమ్మాయి నావైపు చూచెను. నాకెంతో ఆడవలెననియే యుండెను. "చాలునమ్మా" అంటిని.

తిరుగు ఓడలో ఫోను తీసి దేనినో తొలగించుచుండెను. ఏమని నేనడుగలేదు. ఇల్లు చేరిన పిమ్మట బ్యాటు బీరువాలోనికి పోలేదు. వాకిటి తలుపు ప్రక్కన గొడుగుల నడుమ నిలిచెను.

ఇప్పుడు హైదరాబాదువంటి పట్టణములలో ఈ యాటకు కోర్టులు వెలసినవి. మా వీథిలో లేదు గనుక, పెండ్లిండ్లు లేని దినములలో వీథి చివరి కల్యాణమండపపు సిమెంటు ఆవరణమున, యజమాని సెలవు పొంది, నేనే కొలతబద్దతో కొలిచి ముగ్గుపిండితో గీతలు గీచితిని. వల పాత బ్యాడ్మింటనుది. దానిని దించి కట్టితిమి. నలుగురము ఆడుచున్నాము, అందఱికంటె చిన్నయామెకు 49 ఏండ్లు. చీరతో ఆడరాదని మొదటి దినమే నియమము చేసితిమి. వంటిల్లను గీతను దాటి, నేలను తాకని బంతిని కొట్టరాదనగా నొకామె, "జన్మకొక్కచోటైనా వంటింట్లోకి పోవద్దన్నారు" అని సంబరపడెను.

ఆదివారము రాత్రి అమ్మాయి ఫోను చేసి మొదట నా పిక్కను, తరువాత తండ్రిగారిని గూర్చి యడుగును. మొన్న, "ఈ రోజు ఎన్ని ఆడావమ్మా?" అనెను.

"రెండే."

"నిజంగా రెండేనా?"

"మూడు" అంటిని. "నువ్వో?"

అటువైపు కొంచెముసేపు మాట లేదు. తరువాత నవ్వు వినబడెను.